పెరిగిన గాజు

హబీబా మొదటి గెలుపు పన్నెండేళ్ల వయసులో, చిలమత్తూరు సంతలో వచ్చింది. కణుపులు లావైన ఒక పెళ్లికూతురి రెండు చేతులకూ ఒక్క గాజు కూడా చిట్లకుండా నాలుగు డజన్లు ఎక్కించింది. అంతకు ముందే ఇద్దరు గాజుల సాయిబులు చేతులెత్తేసిన చెయ్యి అది. ఆ పిల్ల తల్లి సంతలో కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది కూడా. హబీబా వాళ్ల జేజి తన మలారాన్ని, అంటే గాజులు గుచ్చిన ఆ పొడుగాటి మూటను, మనవరాలి ముందుకు తోసి, "నువ్వు చూడు" అంది. అంతకు ముందు రెండేళ్లుగా హబీబా ఆ పనే నేర్చుకుంటోంది. వేళ్ల నిండా గాజు కోసిన గీతలు. రాత్రి అన్నం కలుపుకుంటే కారం మండి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అలాంటి హబీబా ఆ రోజు సంతంతా గుమిగూడి చూస్తుండగా నలభై ఎనిమిది గాజులు ఎక్కించి లేచింది.

ఎలా ఎక్కించిందంటే, కథ చెప్పి.

అది వాళ్ల జేజి నేర్పిన పనితనం. "గాజును చూసేకొద్దీ చెయ్యి బిగుసుకుంటాది మే" అనేది ఆ ముసలామె. "దాని మనసును వేరే దావ పట్టించల్ల. మనసు ఆడికి పోతే చెయ్యి ఈడ నీది." ఇంకొక కిటుకు కూడా చెప్పింది. "కతలో మనిషి చచ్చేచోట తోయొద్దు, చెయ్యి గట్టిపడతాది. బతికేచోట తొయ్. ఊపిరి వదుల్తారు చూడు, అప్పుడు."

జేజి కథలన్నీ ఒకే సంగతి గురించి. మనిషి ప్రాణం ఎంత పలచనిదో, దాన్ని పట్టుకుని మనిషి ఎన్ని తిక్కపనులు చేస్తాడో. ఎప్పుడూ ఇవే కథలా అని హబీబా చిన్నప్పుడొకసారి అడిగింది. "చేతిలో ఉండేది గాజు గదా, నోట్లోకి ఇంకేం కత వస్తాది?" అంది జేజి.

ఇప్పుడు హబీబాకు అరవై ఒకటి. నలభై తొమ్మిదేళ్లలో ఆమె చేసిన పని చిన్నది కాదు. పద్దెనిమిదో ఏట షఫీవుల్లాను పెళ్లి చేసుకుని మడకశిరకు వచ్చింది మొదలు, చుట్టూ ముప్పై ఏడు ఊళ్లలో గడప దాటి నట్టింట్లో కూర్చునే చనువు సంపాదించింది. అవ్వకు, తల్లికి, మనవరాలికి, మూడు తరాలకూ పెళ్లిగాజులు వేసిన ఇళ్లు పదకొండు ఉన్నాయి. సరిహద్దు దాటితే అదే కథను కన్నడంలో, అదే నవ్వు వచ్చేటట్టు చెప్పగలదు. హైస్కూలు హెడ్మాస్టరు ఒక ఏడు ఆమెను పిలిపించి, స్టేజీ మీద కుర్చీ వేసి, పిల్లలకు కథలు చెప్పించి శాలువా కప్పాడు. దాన్నేం చేశావని ఎవరైనా అడిగితే మలారం చూపిస్తుంది. గాజులకు ఎండ తగలకుండా కప్పింది ఆ శాలువానే.

ఆమె కథల్లో ఊపిరి దాచుకున్న మనిషి కథ అందరికీ తెలుసు. మనిషికి పుట్టినప్పుడే ఇన్ని ఊపిరులని రాసిపెట్టి ఉంటుందని ఒకడు ఎక్కడో విన్నాడట. సగం ఖర్చుపెట్టి సగం దాచుకుందామని, ఒకటి పీల్చి, ఒకటి మానేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడట. దీపాలు పెట్టే వేళకు కళ్లు తేలేశాడు. పెళ్లాం వచ్చి వీపు మీద ఒకటి చరిస్తే, దాచుకున్న ఊపిరంతా ఒక్కసారి బయటికి పోయింది. "అయ్యో, అన్నీ ఖర్చు చేయించేస్తివే!" అని ఏడ్చాడట వాడు. కోమట్ల వీధిలో హబీబా ఈ కథ చెప్పేటప్పుడు ఆ మనిషి చేతిలో ఒక తక్కెడ కూడా పెట్టేది. ఆడవాళ్లు మగవాళ్ల వైపు చూసి నవ్వేవాళ్లు. ఆ నవ్వులోనే రెండు గాజులు ఎక్కిపోయేవి.

ఇక ఒక మాట గురించి చెప్పాలి. మన ఆడవాళ్లు గాజు పగిలిందని అనరు. దీపం ఆరిందని అనకుండా కొండెక్కిందని ఎలా అంటారో, గాజు పోతే పెరిగింది అంటారు. పసుపు కుంకుమల ఇంట్లో ఆ మొదటి మాట నోట రాకూడదు. గాజులు అమ్మేవాళ్లకైతే అది మరీ కట్టుబాటు. నలభై తొమ్మిదేళ్లలో హబీబా ఎన్ని వేల గాజులు పోగొట్టుకుందో గాని, ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. వంటింట్లో సీసా కిందపడినా పెరిగిందనే అనేది. కోడలు ఆరీఫా నవ్వేది. "అమ్మీ, సీసా యాడన్నా పెరుగుతాదా?"

ఆమెకు ఇంత పేరు రావడానికి వెనక ఒక మనిషి ఉంది. మడకశిర కోమట్ల వీధిలో బట్టల అంగడి నారాయణస్వామి భార్య, శాంతమ్మ.

ఇరవై రెండేళ్ల కిందట షఫీవుల్లాను హిందూపురం దావలో లారీ గుద్దింది. మొగుడు పోయినవాళ్లు వాళ్లలో పాటించే నాలుగు నెలల పది దినాలు హబీబా ఇల్లు కదలలేదు. ఆ గడువు తీరాక చేతికి రెండు పచ్చగాజులు తొడుక్కుని, మలారం ఎత్తుకుని బయలుదేరింది. ఒక్క ఇల్లూ పిలవలేదు. మొగుడు పోయినదాని చేత గాజులు వేయించుకుంటారా అని తలుపు చాటునే మాట్లాడుకున్నారు. ఎనిమిది దినాలు మలారం తీసుకుపోయినట్టే తిరిగి తెచ్చింది. తొమ్మిదో దినం శాంతమ్మ అరుగు మీదికి వచ్చి, వీధంతా వినపడేటట్టు పిలిచింది.

"ఏమ్మే హబీబా, నా ఇల్లు కనపళ్లేదా నీకు? రా, కూర్చో. గాజులు ఏయ్."

లోపలికి కూడా రమ్మనలేదు. అరుగు మీదే, అందరి ఎదుటా చెయ్యి చాపింది. ఆ డజను గాజులతో హబీబాకు మళ్లీ ముప్పై ఏడు ఊళ్లూ తెరుచుకున్నాయి. అందుకే ఆ ఇంట్లో పని అంటే ఆమెకు వేరే. శాంతమ్మ కొడుకు భరత్‌కుమార్ పెళ్లిలో కోడలు నాగజ్యోతికి పెళ్లిగాజులు వేసింది ఆమెనే. ఒక్కటి పోలేదు.

ఆ భరత్‌కుమార్‌కే ముప్పై నాలుగేళ్లకు గుండె జబ్బు బయటపడింది. మెట్లు ఎక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. గుండెలో ఒక తలుపు గట్టిపడిపోయింది, సరిగా తెరుచుకోవడం లేదు, రొమ్ము కోసి దాన్ని మార్చాలి అన్నారు బెంగళూరు డాక్టర్లు. కార్తీక సోమవారం, నవంబర్ పదిహేడున మధ్యాహ్నం రెండు లోపల చేరాలి. చేరకపోతే ఆ పడక ఇంకొకరికి పోతుంది, మళ్లీ తేదీ నెలన్నర దాకా లేదు. నెలన్నర ఆగే గుండె కాదిది అని కూడా డాక్టరు చెప్పాడు.

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. మగమనిషి పెద్ద గండం మీదికి బయలుదేరుతుంటే భార్య చేతికి కొత్త పచ్చగాజులు వేయించి పంపుతారు. ఆ సోమవారం పొద్దున ఏడు గంటలకే హబీబా వాళ్ల నట్టింట్లో మలారం విప్పింది. వాకిట్లో కారు నిలబడి ఉంది. ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుందని నారాయణస్వామి గడియారం వైపు, వీధి వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

నాగజ్యోతి చెయ్యి పట్టుకోగానే హబీబాకు తెలిసిపోయింది. కట్టెలాగా ఉంది. రాత్రంతా నిద్ర లేని చెయ్యి.

"ఒక ఊళ్లో..." అని మొదలుపెట్టింది.

"ఈ పొద్దు కతలొద్దు హబీబా" అంది శాంతమ్మ. "టైము లేదు. బిన్నా ఏసెయ్."

హబీబా ఆగిపోయింది. నలభై తొమ్మిదేళ్లలో కథ లేకుండా ఆమె గాజు తోసింది లేదు. కాని ఆ ఇంట్లో శాంతమ్మ మాటకు ఎదురు చెప్పింది కూడా లేదు. కథ మింగేసి, కణుపులు నొక్కి మొదటి గాజు తోసింది. ఎక్కింది. రెండోదీ ఎక్కింది. మూడోది కణుపు మీద ఆగింది. వాకిట్లో డ్రైవరు తేజ ఉన్నట్టుండి హారన్ కొట్టాడు. నాగజ్యోతి ఉలిక్కిపడింది. టక్కుమని శబ్దం, ఆ పిల్ల మణికట్టు మీద ఒక రక్తపు బొట్టు.

"అయ్యో, పగిలిపాయనే!"

ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో హబీబాకు ఒక క్షణం తెలియలేదు. అందరూ తనవైపే చూస్తుంటే అప్పుడు తెలిసింది.

నాగజ్యోతి రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దివాన్ మీద దిండుకు ఆనుకున్న భరత్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు. శాంతమ్మ మాత్రం లేచి నిలబడింది. ఆమె గొంతు పెద్దది కాలేదు, ఇంకా చిన్నదైంది.

"కారు వెనక్కు పంపీండి. ఈ పొద్దు పోయేది లేదు."

"శాంతా, రెండు లోపల చేరకపోతే..." అన్నాడు నారాయణస్వామి.

"చేరొద్దు. రొమ్ము కోస్తామనే చోటికి పోతాండాడు వాడు. పచ్చగాజు పోవడమొకటి, రక్తమొకటి, పైన ఆ మాటొకటి. ఇంతకన్నా ఇంకేం కావల్లప్పా నీకు? నెలన్నర ఆగుదాం."

నెలన్నర ఆగే గుండె కాదని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. నారాయణస్వామి మళ్లీ గడియారం వైపు చూశాడు.

హబీబా ముందు రెండు దారులున్నాయి. మలారం ముడేసుకుని, తలవంచుకుని బయటికి నడవడం ఒకటి. అప్పుడు ఈ వీధిలోనే కాదు, ఏ ఊళ్లోనూ ఆమెను ఎవరూ పిలవరు. అది పోతే పోనీ. కాని ఈ పిల్లవాడు తన మాట వల్ల ఈ ఇంట్లోనే ఆగిపోతాడు. ఆమె ఆ దారి పట్టలేదు. నాగజ్యోతి చెయ్యి ఇంకా వదలనే లేదు. పైట కొంగుతో ఆ రక్తపు బొట్టు తుడిచింది.

"అన్నాను శాంతక్కా" అంది. "నా నోరే అన్నింది. తప్పే. కతొద్దంటివి, కత లేకుండా చెయ్యి పట్టినా, అది ఇంకొక తప్పు. ఏడున్నరకు ఇంగా ఇరవై నిమిషాలుండాది గదా. ఒక్క మాట అడుగుతా. గాజు పోతే పెరిగిందంటాము. ఏమిటికంటామో ఎప్పుడన్నా అనుకున్యావా? గాజు యాడన్నా పెరుగుతాదా?"

"ఇప్పుడా నీ యవ్వారం?"

"ఇప్పుడే. పెనుగొండకవతల ఒక రాజుండె..."

"హబీబా!"

"చెప్పనీమ్మా" అన్నాడు భరత్‌కుమార్, కళ్లు తెరవకుండానే. "పోయేది ఎట్లా లేదంటివి గదా. కతన్నా విందాం."

హబీబా చెప్పసాగింది. "ఆ రాజుకు ఒకటే కూతురు. పుట్టిన దినమే ఎవరో వచ్చి చెప్పినారంట, ఈ బిడ్డ గాజు పోయిన దినం నువ్వు ఏడుస్తావు అని. రాజుకు భయమెత్తుకునె. ఊళ్లో ఉండే గాజులోళ్లనంతా తరిమేసె. అంటే మా జేజి వాళ్ల జేజిని గూడా తరిమింటాడు, పాపిష్టోడు."

భరత్‌కుమార్ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. నాగజ్యోతి ఆ నవ్వు చూసింది. హబీబా వేళ్లకు ఆ చెయ్యి ఒక వీసమెత్తు వదులైనట్టు తెలిసింది. మూడో గాజు ఎక్కింది.

"గాజులోళ్లు పోయినాక కమ్మరిని పిలిపించె. ఇనుముతో కడియాలు చేసి ఏడేండ్ల బిడ్డ చేతికి ఏయించె. అతుకు గూడా లేదు. ఇంగేముంది, రాజు నిమ్మళంగా పండుకునె. ఇనుమును ఎవరేం చేస్తారు? అవునా కాదా శాంతక్కా?"

శాంతమ్మ మళ్లీ కూర్చుంది. హబీబా వేళ్లు కథ వెంబడే ఒక్కొక్క గాజూ తోస్తూ రెండో చేతికి వచ్చాయి.

"కడియం అట్లే ఉన్నింది. బిడ్డ ఉంటాదా? పెరిగె. ఎనిమిదేండ్లు, పదేండ్లు, పన్నెండేండ్లు. కడియం చేతిలోకి దిగబడె. వేళ్లు నల్లగాయ. వైద్యులు వచ్చిరి, ఆకు కట్టిరి, పోయిరి. కడకు ఆ కమ్మరోడే వచ్చి, కోసి తీయల్ల సామీ, అనె. రాజు, వద్దురా, అది పోయిన దినం నేను ఏడ్వల్లంట, అనె. అప్పుడు ఆ బిడ్డ ఏమన్నిందో తెలుసా? నాయనా, నువ్వు గాజు వేయించింటే, నేను పెరిగేకొద్దీ అది పోయి నా చెయ్యి నిలుస్తాండె. ఇనుము నిలిచి ఇప్పుడు నా చెయ్యి పోతాండాది. ఏది కావల్లో చెప్పు."

జేజి చెప్పిన కిటుకు ప్రకారం హబీబా అక్కడ తోయలేదు. ఆ బిడ్డ చెయ్యి ప్రాణం మీదికి వచ్చిన చోటు అది. గాజును కణుపు మీదే పట్టుకుంది.

"రాజు మొగం పక్కకు తిప్పుకుని, కోయ్ అనె. కమ్మరోడు ఉలి పెట్టి ఒక్క దెబ్బ. కడియం రెండు తునకలాయ. వేళ్లల్లోకి రక్తమొచ్చె. బిడ్డ చెయ్యి ఎత్తి, పిడికిలి మూసి, తెరిచె. రాజు ఏడ్చె శాంతక్కా, ఊరంతా వినపడేటట్ల ఏడ్చె. వాళ్లు చెప్పింది నిజమే. గాజు పోయిన దినం ఏడుస్తాడని చెప్పిరి గాని, ఏమిటికి ఏడుస్తాడో చెప్పలేదు. బిడ్డ చెయ్యి దక్కిందని ఏడ్చె."

నాగజ్యోతి ఊపిరి వదిలింది. చివరి గాజు అప్పుడు ఎక్కింది.

"ఆ దినం నుంచి పెరిగింది అంటాము. పెరిగేది గాజు గాదు. చెయ్యి."

భరత్‌కుమార్ దిండు మీంచి లేచి కూర్చున్నాడు. ఆ మాత్రానికే ఆయాసపడి, కాసేపు ఆగి అన్నాడు.

"అమ్మా, ఆ ఇనుప కడియం నా లోపలే ఉండాది. డాక్టరు చెప్పింది గూడా ఇదే. గట్టిపడింది, కోసి తీసెయ్యల్ల అని."

శాంతమ్మ కోడలి చేతుల వైపు చూసింది. అప్పుడు గాని ఆమెకు తెలియలేదు, రెండు చేతులూ పచ్చగా నిండి ఉన్నాయి. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి గాని, నోరు మాత్రం శాంతమ్మ నోరే.

"కతలు చెప్పి తప్పించుకుందామనా? ఆ మాటన్న నోరు నీది. నా మోకాళ్లు మంచివైతే నేనే పోతాంటి. నా బదులు నువ్వు పో. నా కొడుకు కండ్లు తెరిచేదాకా ఆ పిల్ల పక్కన కూర్చో. ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చే పూచీ నీది."

"అట్లే కానీక్కా. నా మలారం నీ ఇంట్లో పెట్టిపోతా. ఇది లేకుండా నేను ఒక్క దినం లేను, నీకు తెలుసు. మేము తిరిగొచ్చినాక నీ చేత్తో ఇయ్యి."

శాలువా కప్పిన మలారాన్ని శాంతమ్మ స్వయంగా రెండు చేతులా ఎత్తి బీరువా పక్కన పెట్టింది. ఏడూ ఇరవై ఆరుకు కారు కదిలింది. వీధి మలుపులో భరత్‌కుమార్ ముందు సీట్లోంచి వెనక్కు తిరిగాడు.

"చిన్నమ్మా, నిజం చెప్పు. ఆ కత మీ జేజి చెప్పిందేనా?"

"రాజు, కమ్మరోడు, కడియం జేజివే" అంది హబీబా. "ఏడుస్తావని ముందే చెప్పి పోయినోళ్లు మాత్రం ఈ పొద్దే వచ్చినారు."

నాగజ్యోతి మూడు దినాల్లో మొదటిసారి నవ్వింది.

బుధవారం ఆపరేషన్ అయిదు గంటలు జరిగింది. హబీబా ఆస్పత్రి వరండాలో నాగజ్యోతి పక్కన కూర్చుని, ఆ పిల్ల చెయ్యి వదలకుండా జేజి కథలు ఏడు చెప్పింది. ఆరో కథకు పక్క బెంచీ మీది కన్నడ ఆమె కూడా జరిగి వచ్చింది. అందుకని ఏడోది కన్నడంలో చెప్పింది. అది సగంలో ఉండగా డాక్టరు బయటికి వచ్చి, గట్టిపడిన తలుపు తీసేశాం, కొత్తది బాగా పనిచేస్తోంది అన్నాడు. నలభై తొమ్మిదేళ్లలో హబీబా తనంతట తాను కొస ముట్టించకుండా వదిలేసిన కథ అదొక్కటే. ఆ కన్నడ ఆమె మరుసటి దినం వార్డు దాకా వచ్చి మిగతాది అడిగి చెప్పించుకుని పోయింది.

శనివారం భరత్‌కుమార్ గోడ పట్టుకోకుండా పది అడుగులు నడిచాడు. ఆయాసం లేదు. ఆ సాయంత్రం హబీబా ఫోన్ చేసింది.

"నడిచినాడక్కా. నేను లెక్కపెట్టినా, పది."

అవతల ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

"ఏడుస్తాండావా శాంతక్కా?"

"ఏడుస్తా. ఆ రాజు ఏడ్వొచ్చు, నేను ఏడ్వకూడదా?" అంది శాంతమ్మ. తర్వాత గొంతు సవరించుకుంది. "అది సరే గాని, నీతో పెద్ద బాధ అయిపోయింది నాకు. పొద్దున లేస్తే వాకిట్లో ఆడోళ్లే. రొళ్ల నుంచి ఒకరు, అగళి నుంచి ఒకరు. మలారం ఈడుండాది గదా, నువ్వే వేయరాదా శాంతమ్మా అంటారు. నిన్న మన వీధి సుంకమ్మ కూతురు మరీ ఏడిస్తే, ఆ ఇనుప కడియం కత మొదలుపెట్టి ఒకటి తోసినా."

"ఎక్కిందా?"

"పెరిగింది" అంది శాంతమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. హబీబా నవ్వి నవ్వి పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"యాడ తోసినావు, బిడ్డ వేళ్లు నల్లగయ్యేచోటనా?"

"నాకేం తెలుసే, యాడో ఒక చోట తోసినా."

"బతికేచోట తోయల్లక్కా. వచ్చినాక నేర్పిస్తాలే."

"వచ్చేది చెప్పు ముందు. అడిగినోళ్లకంతా చెప్పి చెప్పి నోరు నొప్పి పుడతాంది. గోడ మీద బొగ్గుతో రాసిపెడతా, వచ్చినోళ్లు వాళ్లే చదువుకుని పోతారు."

ఇంటికి పంపే దినం డాక్టరు పొద్దునే చెప్పాడు. హబీబా చెప్పింది. శాంతమ్మ ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ, బీరువా పక్కన మలారానికి సరిగ్గా పైన, సున్నం గోడ మీద రాసింది. గోడ మీద బొగ్గు గీసే చప్పుడు ఫోన్లో హబీబాకు వినిపిస్తూనే ఉంది: గాజుల హబీబా వచ్చేది నవంబర్ ఇరవై ఏడు, గురువారం.